సీనియర్ పోర్ట్రెయిట్లకు ఏ లెన్సు కొనాలి: 56 ఎంఎం సరిపోతుందా, 85 తప్పదా?

ఫ్రిస్కో అమ్మ (టెక్సాస్) – జులై 6

అందరికీ నమస్కారం. మా అమ్మాయి వచ్చే నెలలో పన్నెండో తరగతిలోకి, అంటే ఇక్కడివారి మాటలో సీనియర్ ఇయర్‌లోకి, అడుగు పెడుతోంది. ఇయర్‌బుక్‌లో వేసే ఫొటో బడితో ఒప్పందం ఉన్న స్టూడియోవారే తీస్తారు. నల్ల డ్రేప్, బూడిద రంగు తెర, అందరికీ ఒకే భంగిమ. దానితో నాకు పేచీ లేదు. అది కాక ప్రతి ఇంట్లోనూ పిల్లల అభిరుచికి తగ్గట్టు బయట ఒక పూట విడిగా తీయించుకునే సీనియర్ ఫొటోలు ఉన్నాయి కదా, వాటిని ఈసారి నేనే తీయాలని నిశ్చయించుకున్నాను.

మూడు వేషాలు అనుకున్నాం. మా అమ్మ మంగళగిరి నుంచి పంపిన పట్టు లంగా ఓణీ, తొమ్మిదేళ్లుగా నేర్చుకుంటున్న కూచిపూడి ఆహార్యం, ఆర్కెస్ట్రాలో వయొలిన్‌కు గుర్తింపుగా బడి ఇచ్చిన లెటర్ జాకెట్. నా దగ్గర ఉన్నది సోనీ ఏ6400, దానితో వచ్చిన 16-50 ఎంఎం కిట్ లెన్సు (ఈ ఎంఎం అంకె ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరంలో ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది). ఆరు వందల డాలర్ల వరకు ఖర్చు పెట్టగలను. తెలిసినవారిని అడిగితే అందరూ "పోర్ట్రెయిట్ అంటే 85" అంటున్నారు. ఒకరు మాత్రం 70-200 జూమ్ లేకుండా సీనియర్ ఫొటోలకు దిగవద్దన్నారు. సిగ్మా 56 ఎంఎం ఎఫ్/1.4 (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది) గురించి చదివినప్పటి నుంచి నా మనసు దానివైపు ఉంది. ఏది కొనాలో, ఎందుకు కొనాలో కారణాలతో చెప్పగలరని మనవి.

ఎడిసన్ వారాంతం (న్యూజెర్సీ) – జులై 6

అమ్మా, మీ ప్రశ్నకు నేరుగా సమాధానం చెప్పే ముందు ఒక అపోహను తీర్చాలి. ముఖం ఎలా కనిపిస్తుందో నిర్ణయించేది లెన్సు కాదు, మీరు నిలబడే దూరం. మీ అమ్మాయి ముఖానికి అరవై సెంటీమీటర్ల దూరంలో నిలబడి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా వస్తాయి. అక్కడ ఏ లెన్సు పెట్టినా అదే వస్తుంది. మీటరున్నర నుంచి రెండున్నర మీటర్ల దూరంలో తీస్తే మనం రోజూ ఎదురుగా కూర్చుని చూసే ముఖమే వస్తుంది. ఆ దూరం నుంచి ఫ్రేము నిండేలా చూసుకోవడం మాత్రమే లెన్సు పని.

ఇప్పుడు లెక్క చూడండి. మీ కెమెరా సెన్సరు పొడవు వైపు 23.5 మిల్లీమీటర్లు. కెమెరాను నిలువుగా పట్టుకుని తల, భుజాలు వచ్చేలా తీయడానికి, అంటే ఫ్రేములో దాదాపు 65 సెంటీమీటర్ల ఎత్తు పట్టడానికి, 56తో మీటరున్నర దగ్గర నిలబడాలి, 85తో రెండుంపావు మీటర్లు దాటాలి. రెండూ ముఖానికి మంచి దూరాలే. నిలువెత్తు బొమ్మకు కాళ్ల కింద, తల మీద కాస్త ఖాళీతో కలిపి రెండు మీటర్ల ఎత్తు అనుకుంటే, 56తో అయిదు మీటర్లకు కొంచెం తక్కువ, 85తో ఏడు మీటర్ల పైన కావాలి. "పోర్ట్రెయిట్ అంటే 85" అన్న మాట ఫిల్మ్ కాలం నుంచి ఫుల్ ఫ్రేమ్ (ఫిల్మ్ ఫ్రేము అంత పెద్ద సెన్సరు ఉన్న) కెమెరాల గురించి చెబుతూ వచ్చినది. మీ క్రాప్ సెన్సరు (అంతకంటే చిన్న సెన్సరు) మీద 56 చూపించే దృశ్యం, ఫుల్ ఫ్రేమ్ మీద 84 చూపించే దృశ్యం ఒకటే. కాబట్టి మీ మిత్రులు చెప్పిన 85 మీ కెమెరా విషయంలో 56 అవుతుంది.

చార్మినార్ ఫోకస్ (హైదరాబాద్) – జులై 7

నమస్తే అక్కా. నేను పదకొండేళ్లుగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు తీస్తున్నాను. అమెరికాలో సీనియర్ ఫొటోల పద్ధతి నాకు తెలియదు గాని పట్టు, జరీ, నగలు మాత్రం బాగా తెలుసు కాబట్టి ఆ వరకే చెబుతాను.

ఎఫ్/1.4 లెన్సు కొన్న ప్రతివారూ మొదటి నెలంతా ఎఫ్/1.4 దగ్గరే తీస్తారు. నేనూ అలాగే తీశాను. నా రెండో ఏడాదిలో ఒక ఓణీల ఫంక్షన్‌లో, పాప ముఖం కాస్త పక్కకు తిప్పి ఉండగా ఫుల్ ఫ్రేమ్ మీద 85ను ఎఫ్/1.4 దగ్గర పెట్టి అరవై ఫొటోలు తీశాను. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూస్తే కెమెరాకు దగ్గరి కన్ను సూదిలా ఉంది, రెండో కన్ను మెత్తబడిపోయింది, పాపిటబిళ్ల మసకగా ఉంది, చెవి జుంకా ఎక్కడుందో కనబడలేదు. ఆ జుంకాలు ఆ పాప నాయనమ్మవి. ఆ ఫొటోలు పెద్ద సైజులో ప్రింటు వేయడానికి పనికి రాలేదు, వాళ్లింటి పెద్దావిడకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఆ రోజు నుంచి నగలు ఉన్న పోర్ట్రెయిట్‌ను ఎఫ్/2.8 కంటే తెరిచి తీయడం మానేశాను. మీ 56తో మీటరున్నర దగ్గర ఎఫ్/1.4 పెడితే స్పష్టంగా వచ్చే మందం నాలుగు సెంటీమీటర్లకు లోపే. ఎఫ్/2.8 పెడితే ఏడున్నర సెంటీమీటర్లు దాటుతుంది. కనురెప్ప నుంచి జుంకా దాకా పట్టాలంటే ఆ ఏడున్నర కావాలి.

ఇంకొకటి. పట్టు మీద జరీ వెలుతురు కొడుతుంది. ముఖానికి సరిపోయే ఎక్స్‌పోజరు పెడితే జరీ అంచు తెల్లగా కాలిపోయే ప్రమాదం ఉంది. రా ఫైలులో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) తీసి, ఎక్స్‌పోజరును ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించి (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది), ముఖాన్ని తరవాత పైకి తెచ్చుకోండి. ఇది లెన్సు విషయం కాకపోయినా, ఎంత మంచి లెన్సు కొన్నా కాలిపోయిన జరీని తిరిగి తేలేదు కాబట్టి చెబుతున్నాను.

ప్లేనో నాన్న (టెక్సాస్) – జులై 7

పై ఇద్దరి మాటతో ఒక విషయంలో విభేదిస్తున్నాను. ఎఫ్/2.8 దగ్గరే తీయబోతున్నప్పుడు ఎఫ్/1.4 ప్రైమ్ (జూమ్ లేని) లెన్సుకు డబ్బు పెట్టడం దేనికి? సిగ్మా 18-50 ఎఫ్/2.8 గాని, టామ్రాన్ 17-70 ఎఫ్/2.8 గాని కొంటే నిలువెత్తు బొమ్మ నుంచి భుజాల దాకా ఒకే చోట నిలబడి తీయవచ్చు. సిగ్మా బరువు 290 గ్రాములే. టామ్రాన్ 525 గ్రాములైనా అందులో చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఉంది, ఏ6400 బాడీలో అది లేదు. సీనియర్ ఫొటోలు ఒక్క సాయంత్రం పని. ఆ తరవాత మీరు పిల్లను కాలేజీలో దింపడానికి వెళ్తారు, ఇండియా వెళ్తారు, గ్రాడ్యుయేషన్ హాల్లో కూర్చుంటారు. అక్కడ 56 ఎంఎం ఒక్కటే ఉంటే సగం దృశ్యాలు ఫ్రేములో పట్టవు. మా పెద్దవాడి సీనియర్ ఫొటోలు నేను 17-70తోనే తీశాను, గోడ మీద పెద్ద ప్రింటు వేయించాను, చూసినవారెవరూ లోపం చెప్పలేదు.

ఎడిసన్ వారాంతం – జులై 8

ప్లేనో నాన్నగారి వాదనలో బలం ఉంది. ఇంట్లో ఒకే ఒక లెన్సు ఉండాలనుకునేవారికి నేనూ జూమే చెబుతాను. అయితే ఇక్కడ అడిగింది పోర్ట్రెయిట్ గురించి కాబట్టి, దానికి సంబంధించిన తేడాను చెప్పాలి.

వెనక ఉన్న చెట్లు, కార్లు, కంచెలు ఎంతగా కరిగిపోతాయన్నది ఎఫ్ నంబరు ఒక్కదాన్ని బట్టి ఉండదు. మనిషిని ఫ్రేములో అంతే సైజులో ఉంచి చూసినప్పుడు, బాగా దూరంగా ఉన్న బ్యాక్‌గ్రౌండ్ ఎంత మెత్తబడుతుందో లెన్సు కన్ను వెడల్పు చెబుతుంది. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబరుతో భాగిస్తే ఆ వెడల్పు వస్తుంది. మీ కిట్ లెన్సు 50 దగ్గర ఎఫ్/5.6 కాబట్టి 9 మిల్లీమీటర్లు. 18-50 జూము 50 దగ్గర 18, 17-70 జూము 70 దగ్గర 25. సిగ్మా 56 ఎఫ్/1.4 దగ్గర 40, ఎఫ్/2 దగ్గర 28. సోనీ 85 ఎఫ్/1.8 అయితే 47. 70-200 జూము 200 దగ్గర ఎఫ్/2.8లో 71. పెద్ద జూము తీసిన ఫొటోలో బ్యాక్‌గ్రౌండ్ పాలమీగడలా ఉండటానికి కారణం ఆ 71, గొప్ప గాజు అన్నది ఆ తరవాతి మాట.

అయితే దానికి చెల్లించే మూల్యం దూరం. క్రాప్ సెన్సరు మీద 200 దగ్గర నిలువెత్తు బొమ్మ తీయాలంటే పదిహేడు మీటర్లు వెనక్కి వెళ్లాలి. పైగా ఎఫ్/2.8 70-200లు సాధారణంగా కిలో పైన బరువు ఉంటాయి, మీరు చెప్పిన ఖర్చులో కొత్తవి రావు.

సీనియర్ కుర్రాడు (ఇల్లినాయ్) – జులై 8

అందరికీ నమస్కారం. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి, మా తాతయ్యతో దిద్దించి పెడుతున్నాను. నాకు లెన్సుల గురించి పెద్దగా తెలియదు కాని, పోయిన నెలలోనే సీనియర్ ఫొటోలు తీయించుకున్నాను కాబట్టి కెమెరా ముందు నిలబడ్డవాడి మాట చెబుతాను.

మా ఫొటోగ్రాఫర్ గారు మొదటి గంట పెద్ద తెల్ల లెన్సుతో చాలా దూరం నుంచి తీశారు. ఆయన చెబుతున్నది నాకు వినబడలేదు, చేతులు ఊపుతూ చెప్పారు. పార్కులో నడిచేవాళ్లందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. తరవాత చిన్న లెన్సు పెట్టుకుని దగ్గరికి వచ్చి, నేను ఆడే టెన్నిస్ గురించి అడుగుతూ తీశారు. ఇంట్లో అందరూ ఎంచుకున్న ఫొటోలు ఆ రెండో గంటవే. ఆంటీ, మీ అమ్మాయితో మామూలు గొంతుతో మాట్లాడగలిగే దూరంలో ఉండండి.

చార్మినార్ ఫోకస్ – జులై 9

బాబూ, నువ్వు చెప్పింది పదకొండేళ్ల అనుభవం ఉన్న నేను చెప్పవలసిన మాట. సంతోషం. మీ తాతయ్యగారికి నా నమస్కారం చెప్పు.

ఫ్రిస్కో అమ్మ – జులై 13

ఇన్ని వివరాలు ఇచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఊరికే చదివి వదిలేయకుండా ఈ వారం ఇంట్లోనే ఒక పరీక్ష చేశాను. కిట్ లెన్సును 50 దగ్గర స్థిరంగా పెట్టి, నేల మీద టేపు అంటించి, అమ్మాయిని నిలబెట్టాను. మా హాలు పొడవు పద్నాలుగు అడుగులు. 50తోనే గోడకు వీపు ఆనించినా పాదాలు ఫ్రేములోకి రాలేదు. అంటే 85 ఇంట్లో తల, భుజాలకు మాత్రమే పనికొస్తుందని అర్థమైంది.

రెండో పరీక్ష కూచిపూడి గురించి. అలపద్మం (విచ్చిన తామరలా వేళ్లు పెట్టే ముద్ర) పట్టి చేతిని కెమెరా వైపు చాచమన్నాను. మీటరున్నర దూరం నుంచి తీసినప్పుడు చెయ్యి ముఖం కంటే పెద్దదిగా, ముఖాన్ని మింగేసినట్టు వచ్చింది. వెనక్కి జరిగి హాలు అంచు నుంచి తీస్తే చెయ్యి, ముఖం రెండూ సరిపోయాయి. ఇలా జరగడానికి కారణం దూరమేనా, లేక కిట్ లెన్సు లోపమా?

ఇంకో రెండు సందేహాలు. అమ్మాయికి కళ్లద్దాలున్నాయి, తీసేసి ఫొటో దిగడం ఆమెకు ఇష్టం లేదు. పైగా ఇక్కడ జులైలో సాయంత్రం ఆరింటికి కూడా ముప్పై ఎనిమిది డిగ్రీల వేడి, ఎండ నిప్పులా ఉంటుంది.

ఎడిసన్ వారాంతం – జులై 13

మీ పరీక్ష చాలా బాగుంది, ముందుగా అది చెప్పాలి. కారణం పూర్తిగా దూరమే, కిట్ లెన్సు తప్పేమీ లేదు. చాచిన చెయ్యి ముఖానికి అరవై సెంటీమీటర్ల ముందు ఉందనుకోండి. కెమెరా ముఖానికి మీటరున్నర దూరంలో ఉంటే చేతికి తొంభై సెంటీమీటర్లే అవుతుంది, కాబట్టి చెయ్యి ఉండవలసిన దానికి 1.67 రెట్లు పెద్దగా వస్తుంది. రెండు మీటర్ల ముప్పై అయిదు దగ్గర అది 1.34 రెట్లకు తగ్గుతుంది. దాదాపు అయిదు మీటర్ల దగ్గర 1.14 మాత్రమే. నాట్యభంగిమకు, అందులోనూ హస్తాలు కెమెరా వైపు వచ్చే భంగిమకు, 56తో నిలువెత్తు లేదా మోకాళ్ల దాకా తీయండి. తల, భుజాల వరకే కావాలంటే హస్తాన్ని ముఖానికి పక్కగా, అదే తలంలో పట్టమనండి. అప్పుడు రెండింటికీ ఫోకసు కూడా కుదురుతుంది.

కళ్లద్దాల విషయం. ముఖం బాగా పక్కకు తిరిగితే, మైనస్ పవరు ఉన్న అద్దంలో నుంచి కనిపించే చెంప అంచు లోపలికి జరిగి, ముఖం గీత తెగినట్టు కనిపిస్తుంది. ముఖం దాదాపు నేరుగా ఉంచి, శరీరాన్ని మాత్రం పక్కకు తిప్పండి. ఆకాశం ప్రతిబింబం పడితే గడ్డం కొంచెం దించమనండి. అద్దాల కాడలను చెవుల మీద నుంచి ఒక్క చిటికెడు పైకి లేపితే ఇంకా మంచిది.

ఇక ఎండ. ఐఎస్ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) 100 దగ్గర నడినెత్తి ఎండలో ఎఫ్/1.4 పెడితే షట్టరు సెకనులో పదమూడు వేలవ వంతు కావాలి, మీ కెమెరా మెకానికల్ షట్టరు నాలుగు వేలవ వంతు దగ్గర ఆగిపోతుంది. 55 ఎంఎం సైజు ఎన్‌డీ8 ఫిల్టరు (వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే నల్లద్దం) ఒకటి కొంటే ఈ బాధ తీరుతుంది. కాని నా మాట వింటే ఎండలో తీయకండి. ఇంకో చిన్న సంగతి: వేగమైన షట్టరు, పూర్తిగా తెరిచిన లెన్సు కలిసినప్పుడు మెనూలో షట్టరు మొదటి తెరను ఎలక్ట్రానిక్ పద్ధతిలో నడిపే ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్‌ను ఆపివేయండి. లేకపోతే వెనక కనిపించే దీపాల గుండ్రాలు ఒక వైపు కోసినట్టు వస్తాయి. చేతి వణుకు పడకుండా షట్టరు 1/250 కంటే దించవద్దు. 56లోనూ, సోనీ 85లోనూ స్టెబిలైజేషన్ లేదు.

ప్లేనో నాన్న – జులై 14

వేడి గురించి ఊళ్లోవాడిగా చెబుతున్నాను. కూచిపూడి మేకప్‌తో జులైలో బయటికి వెళ్లవద్దు, పది నిమిషాల్లో కాటుక జారుతుంది. అక్టోబరు మధ్యలో సూర్యాస్తమయం ఏడు గంటలకు కాస్త ముందు, బడి అయ్యాక తయారవడానికి సమయం ఉంటుంది. ఆర్బర్ హిల్స్ పార్కులో గాని, వైట్ రాక్ లేక్ ఒడ్డున గాని చెట్ల నీడ అంచున నిలబెట్టండి. పచ్చగడ్డి మధ్యలో వద్దు, ఆ పచ్చదనం గడ్డం కింద పడి చామనఛాయ ముఖాన్ని పాలిపోయినట్టు చేస్తుంది. కాంక్రీటు బాట మీద నిలబెడితే కింది నుంచి తటస్థమైన వెలుతురు వస్తుంది.

జూమ్ మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. కాని మీరు చేసిన చేతి పరీక్ష చదివాక, ఒకే చోట నిలబడి జూమ్ తిప్పే అలవాటు కంటే నడిచి దూరం మార్చే అలవాటు మీకు మేలు చేస్తుందని ఒప్పుకుంటున్నాను.

చార్మినార్ ఫోకస్ – జులై 14

అక్కా, ఒక థర్మకోల్ షీటు తీసుకెళ్లండి. మేము ఇక్కడ రిఫ్లెక్టరు లేని రోజుల్లో దానితోనే పని కానిచ్చేవాళ్లం. ఎవరైనా నడుము ఎత్తులో పట్టుకుంటే కళ్ల కింది నీడలు పోతాయి, కంట్లో ఒక తెల్లని మెరుపు వస్తుంది.

ఫ్రిస్కో అమ్మ – అక్టోబరు 20

మూడు నెలల తరవాత వస్తున్నాను. సిగ్మా 56 కొన్నాను. పోయిన ఆదివారం వైట్ రాక్ లేక్ దగ్గర అయిదున్నర నుంచి చీకటి పడేదాకా తీశాం. లంగా ఓణీలో ఎఫ్/2.8 దగ్గర తీసిన ఒక ఫొటోను ఈ ఉదయం పెద్దది చేసి చూశాను. జుంకా అంచున వేలాడే ముత్యాల్లో చివరి ముత్యం దాకా స్పష్టంగా ఉంది, అద్దాల వెనక రెండు కళ్లలోనూ థర్మకోల్ షీటు చిన్న తెల్ల కిటికీలా మెరుస్తోంది, సరస్సు మాత్రం వెనక రాగి రంగు పొగలా ఉంది. మా అమ్మకు పంపితే, ఓణీ అంచులో తను కుట్టించిన కుచ్చులు లెక్కపెట్టి ఫోన్ చేసింది.

కూచిపూడి ఫొటోలు అయిదు మీటర్ల నుంచి తీశాను. విసనకర్రలా విచ్చుకునే ఆ ముందరి కుచ్చెళ్లు, వేళ్ల చివరి పారాణి ఒకే స్పష్టతతో వచ్చాయి. లెటర్ జాకెట్ ఫొటోల్లో మాత్రం అత్యాశకు పోయి ఎఫ్/1.4 పెట్టాను, వయొలిన్ తల దగ్గర ఫోకసు పడి ముఖం జారిపోయినవి చాలా ఉన్నాయి. మిగిలినవి చాలు. ఆ సమయమంతా నేను మామూలు గొంతుతోనే మాట్లాడాను బాబూ, నీ సలహా మరిచిపోలేదు.

చివరగా ఒక ప్రశ్న. ఏప్రిల్‌లో ఎన్నిస్ ఊరి దగ్గర బ్లూబానెట్ అనే నీలం పూలలో గ్రాడ్యుయేషన్ క్యాప్, గౌనుతో ఒక ఫొటో కావాలని అమ్మాయి అడుగుతోంది. 56 చాలుతుందా?

ఎడిసన్ వారాంతం – అక్టోబరు 21

చాలా సంతోషం అమ్మా. వయొలిన్ విషయంలో, కెమెరా కంటిని వెతికి పట్టేలా పెట్టి, ఫోకసు ప్రాంతాన్ని ముఖం వరకే కుదించండి. అప్పుడు వయొలిన్ తల దానికి అడ్డు రాదు.

బ్లూబానెట్లకు మాత్రం 85 గాని, అంతకంటే పొడవైనది గాని ఒక వారాంతానికి అద్దెకు తెచ్చుకోండి. ఆ పూలు మోకాలి ఎత్తు కూడా ఉండవు, పై నుంచి చూస్తే మొక్కకూ మొక్కకూ మధ్య నేల కనిపిస్తుంది. కెమెరాను పూల ఎత్తుకు దించి, ఏడెనిమిది మీటర్లు వెనక్కి వెళ్లి తీస్తే ముందు వరసలు, వెనక వరసలు ఒకదాని మీద ఒకటి పడి నేల కనబడకుండా నీలం నిండుతుంది. అమ్మాయిని పూలను తొక్కకుండా, ఇదివరకే ఖాళీగా ఉన్న చోట కూర్చోబెట్టండి. నల్ల గౌను అయితే కెమెరా మొత్తం ఫొటోను వెలిగించేస్తుంది కాబట్టి మళ్లీ ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించండి. పూల మధ్య పాములు తిరుగుతాయి, కూర్చోబెట్టే ముందు ఒక కర్రతో కదిపి చూడండి. దూరం ఎక్కువ కాబట్టి ఈసారి మాటలు వినబడవు. ప్లేనో నాన్నగారు వీలు చేసుకుని వస్తే, అమ్మాయి పక్కన కూర్చుని మాట్లాడటానికి ఆయనను తీసుకెళ్లండి.

ప్లేనో నాన్న – అక్టోబరు 21

తప్పకుండా వస్తాను. థర్మకోల్ షీటు కూడా నేనే పట్టుకుంటాను.